తుపాకీకి బీరువా, బీరువాకి బీమా

ఇంగ్లండులో ఒక విచిత్రమైన సరదా ఉంది. వారమంతా మనలాగే కీబోర్డు కొట్టుకునేవాళ్ళు, బస్సు నడిపేవాళ్ళు, బడిపంతుళ్ళు శనివారం వచ్చేసరికి 1640ల నాటి బట్టలు వేసుకుని ఏదో ఒక కోట పక్క మైదానంలో చేరతారు. కొందరు రాజు పక్షం, కొందరు పార్లమెంటు పక్షం. పొడవాటి బల్లేలతో తోసుకుంటారు, మస్కెట్లు పేలుస్తారు (గుండు ఉండదు, మందు మాత్రమే), చచ్చినట్టు పడిపోతారు, తర్వాత లేచి బీరు తాగుతారు. ఆన్‌సైట్ కి వెళ్ళిన మనవాళ్ళలో చాలామంది ఇలాంటివి చూసే ఉంటారు. వీళ్ళలో బాగా పేరున్న సంఘం సీల్డ్ నాట్. 1968 లో బ్రిగేడియర్ పీటర్ యంగ్ మొదలుపెట్టాడు. ఆయన సైనికుడూ, చరిత్రకారుడూ కూడా. ఆ పేరేమో, 1650ల్లో రాజరికాన్ని తిరిగి తేవడానికి గుట్టుగా పనిచేసిన ఒక ముఠాది.

అందరూ యుద్ధం చూస్తారు. నాకు మాత్రం వేరే సందేహం. ఆదివారం సాయంత్రం ఆట అయిపోయాక ఆ తుపాకీ ఎక్కడికి వెళ్తుంది? ఇంటికే కదా. మరి ఆ ఇంట్లో దొంగలు పడితే?

ఇదేదో చిన్న ప్రశ్నలా ఉంది గానీ, తవ్వుకుంటూ పోతే నాలుగొందల ఏళ్ళ చరిత్ర బయటపడింది. అసలు వీళ్ళు ఆడే ఆ అంతర్యుద్ధమే "ఆయుధాలు ఎవరి దగ్గర ఉండాలి" అన్న తగాదాతో మొదలైంది. అప్పట్లో దేశానికి పెద్ద సైన్యం లేదు. ఊళ్ళలో శిక్షణ పొందిన దళాలు ఉండేవి. కలవాడు తన ఆస్తిని బట్టి ఇన్ని ఆయుధాలు ఇంట్లో పెట్టుకోవాలని లెక్క. ఊరుమ్మడి ఆయుధాలు చర్చిలోనో, పట్టణపు కొట్లోనో ఉండేవి. సఫోక్ లోని మెండ్లషామ్ చర్చిలో, ఉత్తర వాకిలి మీది గదిలో, అలాంటి ఆయుధాల కొట్టు ఇప్పటికీ ఉంది. దేవుడి గుడే లాకరు అన్నమాట.

1642 మార్చిలో పార్లమెంటు, రాజు సంతకం లేకుండానే, ఈ దళాలను తన అదుపులోకి తెచ్చుకుంటూ ఆర్డినెన్సు చేసింది. తర్వాతి నెల, ఏప్రిల్ 23 న, మొదటి చార్లెస్ స్వయంగా హల్ పట్టణానికి వెళ్ళాడు. లండన్ టవర్ తర్వాత దేశంలో పెద్ద ఆయుధాగారం అక్కడే ఉంది. స్కాట్లండు మీద యుద్ధానికి కొన్నవన్నీ అక్కడే పోగుపడ్డాయి. గవర్నరు సర్ జాన్ హోథమ్ తలుపులు వేసేసి, లోపలికి రానివ్వనన్నాడు. దేశానికి రాజు గుమ్మం బయట, ఆయుధాలు గుమ్మం లోపల! ఆ తర్వాత నాలుగు నెలలకే యుద్ధం. (అన్నట్టు, ఈ హోథమే తర్వాత రాజు వైపు దూకబోయి దొరికిపోయాడు. 1645 జనవరిలో పార్లమెంటే అతని తల తీయించింది.) యుద్ధం మొదలయ్యాక ఇళ్ళలో, చర్చిల్లో ఉన్న ఆయుధాలను ఇటువాళ్ళూ అటువాళ్ళూ ఊడ్చుకుపోయారు. ఆ రోజుల్లో ఇంట్లో తుపాకీ ఉన్నవాడికి దొంగ కన్నా రాజుగారి మనుషులంటేనే ఎక్కువ భయం.

తర్వాత రెండొందల ఏళ్ళకు పైగా, ఇంగ్లండు వాడి ఇంట్లో తుపాకీ ఉంటే అది వాడి గొడవ. 1870 లో ఒక లైసెన్సు పెట్టారు గానీ అది పది షిల్లింగుల పన్ను. పోస్టాఫీసులో ఎవరైనా కొనుక్కోవచ్చు. అది కూడా తుపాకీని ఇల్లు దాటించేవాడికే. ఇంట్లోనూ, ఇంటి ఆవరణలోనూ ఉంచుకుంటే అదీ అక్కర్లేదు. కన్నపు దొంగల భయం ఎక్కువైన కాలం అది. ఛార్లెస్ పీస్ అనే రివాల్వరు దొంగని 1879 లో ఉరి తీశారు. పత్రికలు అతని కథలు నెలల తరబడి రాసుకున్నాయి. అప్పటి గృహస్థు లెక్క చాలా సింపుల్: ఇంటిని తుపాకీ కాపాడుతుంది.

ఈ లెక్క తిరగబడటమే నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక లక్షల మంది ఆయుధం పట్టడం నేర్చుకుని ఇంటికొచ్చారు. అవతల రష్యాలో విప్లవం. ప్రభుత్వానికి భయం పట్టుకుంది. 1920 చట్టంతో రైఫిళ్ళకీ పిస్తోళ్ళకీ పోలీసు సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. షాట్‌గన్లను మాత్రం వదిలేశారు. 1966 లో లండన్లో ముగ్గురు పోలీసులను కాల్చి చంపారు. వాడింది పిస్తోళ్ళే, అయినా ఆ ఊపులో 1967 లో చట్టం చేసి షాట్‌గన్లకు కూడా సర్టిఫికెట్ పెట్టారు. ఆ సర్టిఫికెట్లు అమల్లోకి వచ్చింది 1968 లో. అంటే సీల్డ్ నాట్ పుట్టిన ఏడాదే. చట్టం దృష్టిలో, నున్నటి లోపలివైపు, రెండడుగులకు తగ్గని గొట్టం ఉన్న మస్కెట్ అంటే షాట్‌గనే. పదిహేడో శతాబ్దపు సైనికుడిగా ఆడుకోవాలనుకున్నవాడు ఇరవయ్యో శతాబ్దపు పోలీసు కాగితం పట్టుకుని బయలుదేరాడన్నమాట.

1987 ఆగస్టులో హంగర్‌ఫర్డ్ లో ఒకడు 16 మందిని కాల్చి చంపాడు. 1988 లో చట్టం బిగించారు. షాట్‌గన్లను కూడా భద్రంగా దాచాలన్న షరతు వచ్చింది. ఇప్పుడు మామూలుగా జరిగేది ఏంటంటే, బీఎస్ 7558 ప్రమాణానికి తగిన ఉక్కు బీరువా కొని, గోడకి బోల్టులతో బిగించాలి. సర్టిఫికెట్ ఇచ్చే ముందు పోలీసు ఇంటికొచ్చి చూస్తాడు. తాళంచెవి ఎక్కడుందో, సర్టిఫికెట్ లేని ఇల్లాలికి కూడా తెలియకూడదు. పాత రోజుల్లో తుపాకీ ఇంటిని కాపాడింది. ఇప్పుడు ఇల్లు తుపాకీని కాపాడాలి.

ఇంజినీరుగా నాకు బాగా నచ్చిన విషయం ఒకటి చెప్పాలి. తుపాకీని ఉక్కులో పెట్టమంటారు గానీ, తుపాకి మందుని చెక్కపెట్టెలో పెట్టమంటారు. మందమైన ప్లైవుడ్, లోపల చిన్న చిన్న అరలు, ఒక్కో అరలో కొద్దిగా మందు. ఎందుకంటే ఇనప్పెట్టెలో బిగించిన మందుకి నిప్పంటుకుంటే ఆ పెట్టే బాంబు అవుతుంది. చెక్కపెట్టె అయితే మూత ఎగిరిపోయి ఒత్తిడి బయటికి పోతుంది. దొంగ నుంచి కాపాడేదీ, నిప్పు నుంచి కాపాడేదీ ఒకటే డిజైన్ కాదు. మన సెక్యూరిటీ రివ్యూలలో కూడా ఈ రెండూ కలిపేస్తుంటారు.

ఇంకో తమాషా. 1642 నాటి అసలు మస్కెట్ మీ గోడకి అలంకారంగా వేలాడుతోందనుకోండి, సర్టిఫికెట్ అక్కర్లేదు. పురాతన వస్తువు కదా. దాన్ని దించి మైదానంలో పేల్చాలనుకున్నారా, ఆ క్షణం నుంచి అది తుపాకీ, సర్టిఫికెట్ కావాలి. అదే మోడల్లో మొన్న తయారైన నకలు అయితే మొదటి రోజు నుంచే తుపాకీ. వస్తువు అదే, మీ ఉద్దేశం మారితే దాని టైపు మారిపోతుంది! ఏది పురాతనం అన్నది 2021 లో నిబంధనలు రాసి కొంత తేల్చారు గానీ, ఈ మెలిక అలాగే ఉంది.

ఇంతకీ బీమా సంగతి. ఇంటి దొంగతనానికి బీమా అనేది అగ్నిప్రమాదాల బీమాతో పోలిస్తే నిన్న గాక మొన్న పుట్టింది. 1880ల చివర్లో లండన్ లాయిడ్స్ లో కత్‌బర్ట్ హీత్ అనే కుర్ర అండర్‌రైటరు, అగ్ని పాలసీ తీసుకోవడానికి వచ్చినవాడు దొంగతనానికి కూడా ఇస్తావా అని అడిగితే, ఎందుకివ్వకూడదు అనుకుని మొదలుపెట్టాడు. అప్పటిదాకా లాయిడ్స్ అంటే ప్రధానంగా ఓడలే.

కానీ "దాచకుండా చెప్పాలి" అన్న సూత్రం అంతకన్నా పాతది. అది ఒక ఆయుధాల కోట వల్లే గట్టిపడింది. సుమత్రాలో ఈస్టిండియా కంపెనీ వాళ్ళ మార్ల్‌బరో కోటకి గవర్నరు జార్జ్ కార్టర్. విదేశీ శత్రువు కోట పట్టుకుంటే డబ్బొచ్చేలా లండన్లో బీమా చేయించుకున్నాడు. 1760 లో ఫ్రెంచి కౌంట్ డెస్టాంగ్ వచ్చి పట్టుకున్నాడు. (ఈ డెస్టాంగే అంతకుముందు మద్రాసు ముట్టడిలో ఇంగ్లీషువాళ్ళకు పట్టుబడి, ఇక యుద్ధం చేయనని మాటిచ్చి విడుదలైనవాడు. మాట సంగతి మీరే చూశారుగా.) బీమా ఇచ్చిన బోమ్ డబ్బివ్వనన్నాడు. కోట బలహీనమని, ఫ్రెంచివాళ్ళు రావచ్చని తెలిసి కూడా కార్టర్ దాచాడని వాదన. 1766 లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ తీర్పు: రెండు పక్షాలూ నిజాయితీగా ఉండాల్సిందే, కానీ లండన్లో కూర్చున్నవాడికి తెలిసే వీలున్న విషయాలు అవతలివాడు చెప్పలేదని వంక పెట్టకూడదు. కార్టరే గెలిచాడు. విచిత్రం ఏంటంటే, ఆ తర్వాత బీమా కంపెనీలు ఈ తీర్పులో మొదటి సగాన్నే పట్టుకుని, "మీ ఇంట్లో తుపాకీ ఉందని మీరు చెప్పలేదు, క్లెయిము లేదు" అనగలిగాయి, మేము అడగలేదు కదా అన్నది పక్కన పెట్టి. మామూలు వినియోగదారుల విషయంలో 2012 చట్టం (2013 ఏప్రిల్ నుంచి అమలు) దీన్ని సరిచేసింది. అడగడం కంపెనీ పని, అడిగినదానికి జాగ్రత్తగా నిజం చెప్పడం మన పని. నా ఉద్దేశంలో మాన్స్‌ఫీల్డ్ అన్నది ఇదే, అర్థం కావడానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది.

అసలు మలుపు 2007 లో వచ్చింది. నిజమైనవాటిలా కనిపించే నకిలీ తుపాకుల అమ్మకం, దిగుమతి ఆ ఏడాది అక్టోబరులో నిషేధించారు. 2008 ఏప్రిల్ లో, 50 సెంటీమీటర్లు దాటిన వంపు కత్తుల అమ్మకాన్ని కూడా. చవక సమురాయ్ కత్తులతో దాడులు జరుగుతున్నాయని. మరి చరిత్ర ఆడేవాళ్ళ సంగతి? వాళ్ళకి మినహాయింపు ఇచ్చారు. అయితే, ఫలానా వాడు నిజంగా చరిత్ర ప్రియుడే, రౌడీ కాదు అని ఎలా తెలుస్తుంది? ఆ కార్యక్రమానికి మూడో మనిషికి జరిగే హానికి బీమా ఉందా లేదా చూడు, అంది చట్టం. అంటే బీమా పాలసీయే మంచివాడినన్న గుర్తింపు కార్డు అయిపోయింది! రౌడీ ఎవడూ ప్రీమియం కట్టడు కాబట్టి తెలివైన ఫిల్టరే. కానీ సంఘంలో చేరకుండా ఒంటరిగా ఈ సరదా పెట్టుకున్నవాడికి తలుపు మూసుకున్నట్టే. నాకు ఇది నచ్చలేదు.

ఆ పాలసీ దొంగతనానికి పనికొస్తుందా అంటే, రాదు. అది ప్రేక్షకుడికి దెబ్బ తగిలితే. ఇంట్లో వస్తువు పోతే ఇంటి పాలసీ చూసుకోవాలి. అక్కడ మామూలు చిక్కులే: ఒక్కో వస్తువుకి పరిమితి, ఇల్లు దాటితే వేరే కవరు, కారులో వదిలేస్తే ఇంకో షరతు. దానికితోడు, ఈ నకళ్ళలో చాలా మటుకు ఇండియాలో తయారైనవే. మందు అంటుకునే చిల్లు వేయకుండానే ఎగుమతి చేస్తారు. ఇంగ్లండులో చిల్లు వేసి, ప్రూఫ్ హౌసులో ఎక్కువ మందుతో పేల్చి పరీక్ష చేయించి, ముద్ర వేయించాకే అమ్మాలి. (లండన్ గన్‌మేకర్ల సంఘానికి 1637 లో ఛార్టరు ఇచ్చింది కూడా ఆ మొదటి చార్లెసే.) క్లెయిము రోజున ఆ ముద్ర, నంబరు, దగ్గర్నుంచి తీసిన ఫొటోలు ఉన్నవాడికి ఒక సమాధానం, లేనివాడికి ఇంకో సమాధానం. దొంగిలించిన కళాఖండాలను గుర్తు పట్టడానికి 1997 లో ఆబ్జెక్ట్ ఐడీ అని ఒక అంతర్జాతీయ పద్ధతి వచ్చింది. కొలతలు, గుర్తులు, సొట్టలతో సహా రాసిపెట్టమంటుంది. ఇరవై ఏళ్ళు వాడిన మస్కెట్ సొట్టలన్నీ దాని యజమానికి తెలుసు, కానీ కాగితం మీద ఉంటేనే లెక్క.

అయినా డబ్బు వచ్చినా రాకపోయినా, అసలు దెబ్బ వేరే. బీరువా తాళం వేయలేదని తేలితే పోయేది సర్టిఫికెట్. అది పోతే ఆట కూడా పోయినట్టే.

ఈ గొడవలేవీ లేనిది ఒక్క బల్లేల వాళ్ళకే. దానికి సర్టిఫికెట్ లేదు, బీరువా లేదు, ప్రూఫ్ ముద్ర లేదు. పదహారు అడుగుల పొడుగు. మోయలేక అప్పటి సైనికులే చివర కోసేసేవారు. అంత పొడుగుది పట్టుకుని కిటికీలోంచి దూకే దొంగ ఇంకా పుట్టలేదు :)