ఉమ్మడి మేత భూమిలో అడవి పెంపకం: స్కాట్లాండ్ క్రాఫ్టర్ల అనుమతి విధానం

స్కాట్లాండ్ ఉత్తర, పశ్చిమ కొండ ప్రాంతాల్లోనూ దీవుల్లోనూ చిన్న కౌలు కమతాలను క్రాఫ్టులు అంటారు, వాటిని సాగు చేసేవారిని క్రాఫ్టర్లు అంటారు. ఊరి క్రాఫ్టర్లంతా తరతరాలుగా గొర్రెలను, ఆవులను కలిపి మేపుకునే కొండ వాలులకు, బీళ్లకు కామన్ గ్రేజింగ్స్ అని పేరు. ఆ ఉమ్మడి భూమిలో కొంత భాగానికి కంచె వేసి అడవి పెంచాలంటే భూస్వామి సమ్మతి, క్రాఫ్టుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ క్రాఫ్టింగ్ కమిషన్ ఆమోదం రెండూ ఉండాలి. ఈ వెసులుబాటు 1991 నాటి క్రాఫ్టర్ ఫారెస్ట్రీ చట్టంతో వచ్చింది. ఇప్పుడు ఇది 1993 నాటి క్రాఫ్టర్స్ చట్టంలో 50వ సెక్షన్‌గా ఉంది.

భూమి ఒకరిది, గడ్డి మరొకరిది

కోస్తాలో మేత పోరంబోకు అన్నా, తెలంగాణలో గైరాన్ అన్నా అది సర్కారు భూమి, ఊరందరి పశువులూ మేయవచ్చు అన్న అర్థం వస్తుంది. స్కాట్లాండ్ మేత భూములు అలాంటివి కావు. భూమి సాధారణంగా ఒక ఎస్టేటు యజమానిది. దాని మీద మేపుకునే హక్కు మాత్రం వాటాదారులది. ఊళ్లో ఇల్లు ఉన్నంత మాత్రాన ఎవరూ గొర్రెను కొండకు తోలలేరు, చేతిలో వాటా ఉండాలి. ఒక్కో వాటాకు ఎన్ని గొర్రెలు, ఎన్ని ఆవులు అన్నది ముందే లెక్క కట్టి ఉంటుంది. ఆ లెక్కను సౌమింగ్ అంటారు. ఒక ఆవు ఎన్ని గొర్రెలకు సమానం అన్నది కూడా ఊరిని బట్టి మారుతుంది.

ఇలాంటి మేత భూములు వెయ్యికి పైగా ఉన్నాయి, మొత్తం విస్తీర్ణం 5 లక్షల హెక్టార్లు దాటుతుంది. వాటాదారులు ఎన్నుకునే మేత కమిటీ, దాని క్లార్కు వీటి వ్యవహారం చూస్తారు. కమిటీ పదవీకాలం సాధారణంగా మూడేళ్లు. కంచెలు బాగుచేయించడం, సౌమింగ్ మించి ఎవరూ పశువులు తోలకుండా చూడడం, నిబంధనలు రాసి కమిషన్ చేత ఆమోదింపజేసుకోవడం దాని పనులు. కమిటీ లేని ఊళ్లూ ఉన్నాయి. అలాంటి చోట అడవి ఆలోచన వస్తే ముందు కమిటీని వేసుకోవడంతోనే పని మొదలవుతుంది.

చెట్టు ఎవరిది?

పంతొమ్మిదో శతాబ్దంలో గొర్రెల ఫారాల కోసం, ఎస్టేట్ల లాభం కోసం భూస్వాములు వేలాది కుటుంబాలను ఊళ్ల నుంచి వెళ్లగొట్టారు. మిగిలినవాళ్ల ఆందోళన ఫలితంగా 1883లో నేపియర్ కమిషన్ విచారణ, దాని తర్వాత 1886 చట్టం వచ్చాయి. కౌలుదారును తొలగించడానికి వీల్లేదనీ, కౌలు న్యాయంగా ఉండాలనీ ఆ చట్టం చెప్పింది. చెట్టు సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. నేలలో పాతుకున్నది నేలతోపాటే పోతుందన్నది స్కాట్లాండ్ న్యాయసూత్రం. కాబట్టి క్రాఫ్టరు తన చేత్తో నాటినా, నీళ్లు పోసినా ఆ మాను భూస్వామి ఆస్తే అయ్యేది. అలాంటప్పుడు నాటేది ఎవరు? చెట్టు లేని ఆ కొండలను చూసి క్రాఫ్టర్లకు చెట్లంటే గిట్టదని తేల్చేసినవాళ్లున్నారు. చెట్లు లేకపోవడానికి గొర్రెల మేత, వాన గాలి ఎలాగూ కారణాలే, కానీ నాటినవాడికి చెట్టును దక్కనివ్వని చట్టాన్ని వదిలేసి ఆ మాట అనడం న్యాయం కాదు.

1991 చట్టం ఈ ముడిని విప్పింది. అనుమతి తీసుకుని ఉమ్మడి భూమిలో నాటిన చెట్ల మీద హక్కు నాటినవాళ్లదే అయింది. భూస్వామీ క్రాఫ్టర్లూ ఒప్పందం చేసుకుని కలిసి అడవి పెంచే పద్ధతికి 2007 సవరణ చోటిచ్చింది.

అర్జీ నడిచే దారి

అర్జీ కమిటీ పేరున నడుస్తుంది. ఒక వాటాదారు తనకు తానుగా నాటుకోవాలనుకుంటే అపోర్షన్‌మెంట్ అనే వేరే దారి ఉంది. అంటే తన వాటాకు సరిపడా భూమిని విడగొట్టి తనకే కేటాయించమని కమిషన్‌ను కోరడం. ఉమ్మడి అడవికైతే ఊరి సభ, పటం, ఏ జాతులు ఎక్కడ నాటాలన్న ప్రణాళిక, కంచె గీత అన్నీ సిద్ధం చేసి ముందుగా భూస్వామికి రాతపూర్వకంగా పంపాలి. ఆయన అకారణంగా కాదంటే స్కాటిష్ ల్యాండ్ కోర్టు తలుపు తట్టవచ్చు. 1912 నుంచి పనిచేస్తున్న ఈ కోర్టు వ్యవసాయ భూముల, క్రాఫ్టుల వివాదాలను విచారిస్తుంది. సమ్మతి దొరికాక అర్జీ ఇన్వర్నెస్‌లోని క్రాఫ్టింగ్ కమిషన్‌కు వెళ్తుంది. కమిషన్ ఆమోదించినంత మాత్రాన డబ్బు రాదు. నాట్లకు, కంచెకు ఇచ్చే గ్రాంటు స్కాటిష్ ఫారెస్ట్రీ అనే ప్రభుత్వ సంస్థ నుంచి రావాలి, దానికి మరో దరఖాస్తు పెట్టుకోవాలి.

కాగితాలకంటే సభ కష్టం. ఉదాహరణకు ఒక ఊళ్లో 24 వాటాలు, వాటాకు 30 గొర్రెలు, మేత భూమి 900 హెక్టార్లు అనుకుందాం. అడవికి 90 హెక్టార్లు తీస్తే పదో వంతు పోయినట్టు. వాటాకు మూడు గొర్రెలు తగ్గించుకుంటే లెక్క సరిపోతుంది. కానీ కొండ అంతా ఒకేలా ఉండదు. పైభాగం తడి నేల, రాయి. కింది వాలులో నీళ్లు నిలవవు, గాలి తక్కువ, గడ్డి పచ్చగా వస్తుంది. మొక్క బతికేదీ అక్కడే, ఈనిన గొర్రె పిల్లతో నిలబడేదీ అక్కడే. కాగితం మీద పదో వంతు అన్నది గడ్డి లెక్కలో ఎంతో ఎక్కువ.

దీనికి తోడు వాటాలున్నవాళ్లందరికీ గొర్రెలుండవు. కొందరు వయసు మీరి మంద తీసేశారు, కొందరు ఉద్యోగాలకు పట్నం వెళ్లిపోయారు. అడవి వస్తే వాళ్లకు పోయేదేమీ లేదు, ఏదో ఒక రాబడి కలిసొస్తుంది. మందను నమ్ముకున్న ఇద్దరు ముగ్గురికి మాత్రం కాళ్ల కింద నేల తగ్గుతుంది. పైగా ఆ గొర్రెలు తల్లి నుంచి పిల్లకు అలవాటైన చోటునే మేస్తాయి, కాపరి లేకపోయినా హద్దు దాటవు. ఆ హద్దులో కంచె పడితే మంద కొత్త చోటుకు అలవాటు పడడానికి ఏళ్లు పడుతుంది. చేతులెత్తించి తీర్మానం చేయడం తేలికే. ఈ ఇద్దరు ముగ్గురిని ఒప్పించకుండా పంపిన అర్జీ అభ్యంతరాల మధ్య ఇరుక్కుంటుంది.

నేల కూడా ఒప్పుకోవాలి

ఆ ప్రాంతంలో చాలా చోట్ల పీట్ ఉంటుంది. నాచు, గడ్డి మొక్కలు నీళ్లలో పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లుగా పేరుకుపోయిన నల్లటి మెత్తటి నేల అది. ఎండబెట్టి పొయ్యిలో కాల్చుకోవడానికి వాటాదారులు దాన్ని ఇటుకల్లా కోసుకుంటారు. పీట్‌లో కార్బన్ దండిగా నిలవ ఉంటుంది, చెట్ల కోసం దున్ని ఎండగడితే అదంతా గాలిలో కలుస్తుంది. అందుకే 50 సెంటీమీటర్లకంటే లోతైన పీట్ మీద కొత్తగా అడవి నాటకూడదని బ్రిటన్ అటవీ ప్రమాణాలు చెబుతున్నాయి. సర్వే చేసేవాళ్లు సన్నని లోహపు కడ్డీ పట్టుకుని పటంలో గీసుకున్న చదరాల మూలమూలకూ నడుస్తారు. కడ్డీని నేలలో గుచ్చుతారు, అడుగున రాయికో గట్టి మట్టికో తగిలి ఆగగానే లోతు చూసి రాసుకుంటారు. పైకి ఒకేలా కనిపించే బీడులో పది అడుగుల తేడాతో కడ్డీ ఒకచోట జానెడే దిగుతుంది, మరోచోట మొత్తం మునుగుతుంది. ఆ అంకెలు తిరిగొచ్చేసరికి ఊరి సభలో నున్నగా గీసిన హద్దు వంకర్లు తిరుగుతుంది.

విస్తీర్ణం 20 హెక్టార్లు దాటితే పర్యావరణ ప్రభావ పరిశీలన అవసరమా కాదా అని స్కాటిష్ ఫారెస్ట్రీ తేల్చాలి, సున్నితమైన ప్రాంతాల్లో అంతకంటే తక్కువకే ఈ నిబంధన వర్తిస్తుంది. పాత నివాసాల ఆనవాళ్లనూ చూసుకోవాలి. పాత రోజుల్లో వేసవిలో ఆడవాళ్లు, పిల్లలు పశువులతో కొండెక్కి గుడిసెల్లో ఉండి పాడి చేసేవారు. ఆ గుడిసెల రాతి పునాదులు ఇప్పటికీ ఉన్నాయి. ఏళ్ల తరబడి పేడ పడడంతో గోధుమరంగు బీడు మధ్య ఆ చోట్లు మాత్రం పచ్చని మచ్చల్లా కనిపిస్తాయి. నాట్లు వాటిని తప్పించుకుని పోవాలి.

భూస్వామి ఊరే అయినప్పుడు

సదర్లండ్‌లోని ఉత్తర లాకిన్వర్ ఎస్టేటును కొన్న విదేశీ కంపెనీ దివాలా తీసినప్పుడు అక్కడి క్రాఫ్టర్లు చందాలు పోగుచేసి, అసింట్ క్రాఫ్టర్స్ ట్రస్ట్ పేరుతో 1993లో దాన్ని 3 లక్షల పౌండ్లకు కొన్నారు. 21 వేల ఎకరాల పైచిలుకు భూమి ఊళ్ల చేతికి వచ్చింది. అప్పటికి అడవి చట్టం వచ్చి రెండేళ్లే. అక్కడి మేత భూముల్లో బర్చ్, రోవన్, స్కాట్స్ పైన్ వంటి స్థానిక జాతులను నాటారు. అర్జీ పెట్టేదీ క్రాఫ్టర్లే, భూస్వామి స్థానంలో సంతకం చేసేదీ క్రాఫ్టర్ల ట్రస్టే. అయినా కమిషన్ ఆమోదం తప్పదు, పొరుగువాడి గొర్రెల అభ్యంతరమూ తప్పదు.

ఈ మధ్య కొత్త చిక్కు ఒకటి వచ్చింది. బ్రిటన్‌లో 2011లో మొదలైన ఉడ్‌ల్యాండ్ కార్బన్ కోడ్ కింద అడవి పీల్చుకునే కార్బన్‌ను లెక్కగట్టి అమ్ముకోవచ్చు. 1991లో చట్టం రాసినవాళ్లు చెట్టు గురించి, కలప గురించి ఆలోచించారు, కార్బన్ వారి ఊహలో లేదు. అందుకే అర్జీకి ముందే ఆ రాబడి ఎవరిదో భూస్వామితో కాగితం రాసుకునే కమిటీలు తెలివైనవి.

కంచె పడ్డాక

ఎర్ర జింకలు దూకకుండా కంచె దాదాపు ఆరడుగుల ఎత్తు ఉండాలి. ఖర్చులో పెద్ద భాగం దానికే పోతుంది. స్థానిక జాతులైతే సాధారణంగా హెక్టారుకు 1600 మొక్కలు నాటుతారు. వాటాదారులు పీట్ కోతకు, కొండమీదికి వెళ్లే పాత దారుల మీద గేట్లు పెట్టాలి. మొక్కల కొనలు గొర్రె నోటికి అందనంత ఎత్తు పెరిగాక మందను మళ్లీ లోపలికి వదలవచ్చు, చలిగాలిలో గొర్రెలకు చెట్ల చాటు పనికొస్తుంది. ఆ గేటు ఎప్పుడు తెరవాలి, ఎవరి గొర్రెలు ముందు వెళ్లాలి అన్నది మేత నిబంధనల్లో కొత్తగా రాసి, మళ్లీ కమిషన్‌కు పంపాలి.