స్వదేశికలము – దాని ఒడలి ద్రవ్యము

రాజమహేంద్రవరపు చేతికలములను గూర్చి మీరు వినియే యుందురు. గుండుసూది మొదలు కలము వరకు ఏదేని యొక నిత్యోపయోగవస్తువును ఈ దేశమున చేయుమని 1921లో గాంధీమహాత్ముడు కోసూరి వెంకటరత్నముగారికి చెప్పెనని ప్రతీతి. 1932 నుండి రత్నముగారి కలములు వెలువడెను. కుమారప్పగారి ద్వారా అందిన కలమును తాను వాడితిననియు, విదేశపు కలములకు బదులు అది పనికివచ్చుననియు మహాత్ముడు 1935 జూలైలో జాబు వ్రాసెను. ఈ కథ పలువురెఱిగినదే. ఆ కలమునకు ఒడలెట్టిదను ప్రశ్న నాకు అంతకంటె ముఖ్యముగ తోచుచున్నది.

కఱ్ఱ సిరాను పీల్చును. ఇనుమును పాతకాలపు పుల్లని సిరాలు తినివేయును. ప్రత్తిని నత్రికామ్లముతో మార్చి కర్పూరము కలిపి చేయు సెల్యులాయిడు కంటికి ఇంపే. 1920 తరువాతి సంవత్సరములలో అమెరికా కంపెనీలు దానినే మెచ్చినవి. కాని అది నిప్పు తగిలిన భగ్గున మండును. పాలవిరుగుడుతో చేయు కేసీను తడికి ఉబ్బును.

రాజమహేంద్రవరపు పనివారు ప్రధానముగ ఎన్నుకొన్నది ఎబొనైటు. రబ్బరును గంధకముతో కలిపి కాచిన గట్టిపడునని అమెరికాలో చార్లెసు గుడియరు 1839లో కనుగొనెను. గంధకము కొలదిగ నున్న బండిచక్రపు రబ్బరగును. మూడవ వంతు వరకు చేర్చి గంటలకొలది కాచిన నల్లచేవవంటి గట్టి ద్రవ్యమగును. సిరా దీనినేమియు చేయజాలదు. తరిమెనపై సులువుగ తొలువబడును. సన్నని మరలు చక్కగ దిగును. గొట్టము నిండ సిరా పోయు కలమునకు ఈ మర బిగువే ప్రాణము. మఱియొక గుణము: ఇది వేడిని త్వరగ పోనీయదు. చేతివెచ్చదనము లోనికి చేరినచో గాలి వ్యాకోచించి సిరాను కాగితముపైకి నెట్టును. దస్తావేజు నడుమ మచ్చపడిన బాధ మీకు తెలియనిదా! పాళీ క్రింది నాలుకకును ఎబొనైటే శ్రేష్ఠమని నా యభిప్రాయము. సిరా దాని గాళ్లను అంటి నిలిచి సమముగ దిగును.

రబ్బరు తిరువాన్కూరు తోటలలో పండుచుండెను గాని గంధకము ఓడలపై రావలసియుండెను. మరి కలము స్వదేశియేనా యని కొందఱాక్షేపింతురు. ముడిసరకులో కొంత పరదేశపుదైనను, దానికి రూపమిచ్చి కూలి పొందిన చేయి మనదే గనుక స్వదేశియనియే నేనందును. అయితే ఈ లెక్కను దాచిపెట్టుట మాత్రము తగదు.

ఎండయే ఎబొనైటునకు శత్రువు. నలుపు తగ్గి గోధుమరంగు తేలును. కిటికీ దగ్గఱ నుంచక పెట్టెలో దాచుడు. వన్నె తగ్గిన కలమును పనివాడు మరల మెఱుగుపెట్టి ఇయ్యగలడు.