ఎండతో పోటీ పడని తెర

భిలాయి ఉక్కు కర్మాగారం తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆరేళ్లకు, 1965లో, పక్కనే జాముల్‌లో ఏసీసీ సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు బతుకుతెరువు కోసం ఈ ఉక్కు పట్టణానికి చేరాయి. రైల్వే సైడింగు, లారీల యార్డు, కట్టడాల సర్వే: ఇక్కడ చాలా పనులు ఆరుబయట జరిగేవే. ఒకప్పుడు వీటికి కాగితం రిజిస్టరు చాలేది. ఎండ ఎంత కాసినా కాగితం మీది అక్షరం చెదిరేది కాదు. ఇప్పుడు ఆ రిజిస్టరు స్థానంలోకి ల్యాప్‌టాప్ వచ్చింది, దాని తెర మాత్రం ఎండలో వెలవెలబోతోంది. నేను తప్పు పట్టేది ఎండను కాదు, తెరల చరిత్రలో వచ్చిన ఒక మలుపును.

తొలి ల్యాప్‌టాప్‌లకు ఎండ భయం లేదు. 1983లో అమెరికాలో వచ్చిన టీఆర్‌ఎస్-80 మోడల్ 100 తెర మీద ఎనిమిది వరుసలే, వరుసకు నలభై అక్షరాలే. వెనక దీపం లేదు; మీద పడిన వెలుతురునే అది తిప్పి పంపేది. నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో ఇరవై గంటల దాకా నడిచే ఆ యంత్రమంటే విలేకరులకు ఎంతో ఇష్టం. 1989 నాటి మెకింటోష్ పోర్టబుల్‌కూ వెనక దీపం లేదు. మసక గదిలో కనిపించడం లేదన్న ఫిర్యాదుతో 1991లో దానికి బ్యాక్‌లైట్ చేర్చారు. ఆ తర్వాత రంగులు రాజ్యమేలాయి. రంగుల వడపోతలు, పోలరైజర్ పొరలు దాటి వెనక దీపపు వెలుగులో పదో వంతు కూడా బయటికి రాదు. ఆఫీసు గదికి అనువైన ఆ ఏర్పాటునే అందరికీ అంటగట్టారు.

మరింత వెలిగే తెర కొంటే సరిపోదా అంటారు. లెక్క వేసి చూద్దాం. నడి ఎండ వెలుతురు సుమారు లక్ష లక్స్. అందులో తెల్లచొక్కా దాదాపు 25,000 నిట్ల ప్రకాశంతో మెరుస్తుంది. నున్నటి గాజు అందులో నాలుగు శాతాన్ని, అంటే వెయ్యి నిట్లను, తిరిగి మన కంట్లోకే కొడుతుంది. మామూలు ల్యాప్‌టాప్ తెర వెలుగు 300 నిట్లు అనుకుంటే తెల్లని చోటు 1,300, నల్లని అక్షరం 1,000. ఆ కాస్త తేడాతో చదవలేం. వెయ్యి నిట్ల తెర పెడితే తెలుపు నలుపుల నిష్పత్తి రెండుకు చేరుతుంది. అదే 300 నిట్ల తెరకు ప్రతిబింబాన్ని ఒక శాతానికి దించే పూత ఉంటే 2.2 వస్తుంది. పైగా ఎక్కువ వెలుగంటే ఎక్కువ వేడి. చాలా ల్యాప్‌టాప్‌లకు తయారీదారులు చెప్పే హద్దు 35 డిగ్రీలే, ఇక్కడి మే నెల దాన్ని ఎప్పుడో దాటేస్తుంది. అందుకే ముందు పూత, తర్వాతే నిట్లు. మ్యాట్ తెర ఒక్కటే చాలదు: గరుకు పైపొర ప్రతిబింబాన్ని చెదరగొడుతుంది గానీ తగ్గించదు, సూటిగా ఎండ పడితే తెరంతా పాలిపోతుంది. సిమెంటు దుమ్ము పేరుకున్నా అంతే. ఆ దుమ్మును పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే పూత మీద గీతలు పడతాయి.

వెలుతురును వాడుకునే తెర ప్రయత్నం మళ్లీ జరిగింది. 2007లో పిల్లల కోసం తయారైన ఎక్స్‌ఓ-1 ల్యాప్‌టాప్‌కు మేరీ లూ జెప్సెన్ రూపొందించిన తెర ఇంట్లో రంగుల్లో కనిపించేది. ఎండలో దీపం ఆర్పేస్తే నలుపు తెలుపుల్లో 1200×900 చుక్కల స్పష్టతతో చదవనిచ్చేది. మహారాష్ట్రలోని ఖైరత్ బడి పిల్లలు అదే ఏడాది వాటిని అందుకున్నారు. అంతకుముందే బెంగళూరు ఐఐఎస్‌సీ అధ్యాపకుల చొరవతో పుట్టిన సింప్యూటర్ అనే చేతి కంప్యూటర్‌ను ఛత్తీస్‌గఢ్‌లో పిల్లల చదువుకు వాడి చూశారు. ఈ రెండూ బజారులో నిలబడలేదు కదా అనే మాట నిజమే. కానీ బజారులో ఓడడం వేరు, ఎండలో ఓడడం వేరు. ఎక్స్‌ఓ తెర ఎండలో నెగ్గింది. అంకెలు, అక్షరాలు తప్ప సినిమా చూడని యార్డు పనికి రంగు లేకపోతే కొంపేమీ మునగదు. అలాంటి తెరలు మన దుకాణాల్లో కనిపించకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

నీడలో కూర్చుని పని చేసుకోవచ్చు కదా అన్నది చివరి అభ్యంతరం. అది మంచి సలహాయే. పదివేల లక్స్ నీడలో అదే మామూలు తెర నిష్పత్తి నాలుగుకు చేరుతుంది. అయితే వ్యాగన్ల పక్కన లెక్క రాసేవాడి వెంట నీడ నడవదు. కొనేముందు ల్యాప్‌టాప్‌ను దుకాణం గుమ్మం దాకా తెచ్చి, ఆపేసి, నల్లని తెరలో మన చొక్కా ఎంత స్పష్టంగా కనిపిస్తోందో చూడాలి. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకునేవారు వాటితోనే, తెర వెలిగించి, తల అటూ ఇటూ వంచి చూడాలి. కొన్ని కోణాల్లో ఆ అద్దాలు ఎల్‌సీడీ కాంతిని దాదాపు పూర్తిగా అడ్డుకుంటాయి.