పుర్జా కోసం ఇంతెజార్

ఫిల్మ్ నగర్ నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాకా ఆదివారం పొద్దున్నే నిలబడి చూడండి. లక్షల ఖరీదు చేసే మోటార్ సైకిళ్లు గుంపులుగా వెళ్తుంటాయి. వాటిలో కొన్నింటికి కంపెనీ ఇచ్చిన షాకప్సర్లు ఉండవు. విడిగా ఆర్డర్ ఇచ్చి, తమ కోసమే కట్టించుకున్నవి ఉంటాయి. ఆ ఆర్డర్ ఫారం ఓసారి చదివితే దర్జీకి కొలతలు ఇస్తున్నట్టే అనిపిస్తుంది. నీ బరువెంత? వెనక ఎవరైనా కూర్చుంటారా? సామాను ఎంత? నడిపేది ఊళ్లోనా, ఘాట్ రోడ్డులోనా? జవాబులు పంపాక ఇంతెజార్ మొదలవుతుంది. స్ప్రింగు ఎంచాలి, లోపలి వాల్వులు అమర్చాలి, ఓడో విమానమో ఎక్కాలి, కస్టమ్స్ దాటాలి. వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. బండి మాత్రం అప్పటిదాకా షెడ్డులో స్టాండు మీదే ఉంటుంది.

ఇదంతా షౌక్ ఉన్న కొత్త డబ్బు సంగతి అనుకుంటాం. కానీ పుర్జా కోసం ఎదురుచూడటం ఈ షహర్‌కు కొత్త కాదు. దానికి దాదాపు 90 ఏళ్ల తారీఖ్ ఉంది. అందులో మన మొహల్లాల పాత్ర చిన్నదేమీ కాదు. దాన్ని రాసి పెట్టుకున్నవాళ్లే తక్కువ.

ముందు ఒక లఫ్జ్ సంగతి. లారీ కింద వరసగా పేర్చిన ఇనుప పట్టీలను మన దగ్గర ఏమంటారు? కమాన్ కట్టలు. బస్సు ప్రమాదం వార్త రాసేటప్పుడు తెలుగు విలేఖరి కూడా ‘కమాన్ కట్టలు విరిగాయి’ అనే రాస్తాడు. కమాన్ ఫార్సీ మాట, విల్లు అని అర్థం. వంగి, బరువు మోసి, మళ్లీ తన రూపానికి వచ్చేది కమాన్. చార్మినార్ దగ్గరి చార్ కమాన్‌లోనూ ఇదే మాట ఉంది. అక్కడ రాతి వంపు బరువు మోస్తుంది, లారీ కింద ఇనుప వంపు మోస్తుంది. కుతుబ్‌షాహీల నాటి మేస్త్రీ, నేటి లారీ మెకానిక్ ఒకే మాట వాడుతున్నారు.

స్ప్రింగు పని ఎంతో సాదా అనిపిస్తుంది. ఎంత బరువు పెడితే అంత కుంగుతుంది. రాబర్ట్ హుక్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఈ సూత్రాన్ని 1676లో అక్షరాలు కలగాపులగం చేసి పజిల్‌లా అచ్చువేయించి, 1678లో దాని అర్థం విప్పి చెప్పాడు. మోటార్ సైకిల్‌కు వచ్చేసరికి దీనికి ఇంకో పని తోడవుతుంది. స్ప్రింగు కుంగి ఊరుకోదు, ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపడానికి సన్నని రంధ్రాల గుండా నూనెను తోస్తారు. స్ప్రింగు బరువు మోస్తే నూనె దాని దూకుడును అదుపు చేస్తుంది. 1935లో బీఎండబ్ల్యూ తన ఆర్12, ఆర్17 బళ్ల ముందు ఫోర్కులో ఈ నూనె ఏర్పాటు పెట్టింది. మనిషి కూర్చోగానే షాకప్సర్ తన మొత్తం కదలికలో దాదాపు మూడో వంతు కుంగాలి అనేది వాడుకలో ఉన్న లెక్క. యాభై కిలోల కుర్రాడికి సరిపోయే స్ప్రింగు తొంభై కిలోల మనిషికి సరిపోదు. అందుకే ఆ ఫారంలో బరువు అడుగుతారు.

ఈ ఇల్మ్ మన షహర్‌కు ఏ జుబాన్‌లో వచ్చింది? ఉర్దూలో. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. దాని కోసమే దారుల్ తర్జుమా పెట్టి సైన్సు పుస్తకాలు తర్జుమా చేయించారు, వేల కొద్దీ పారిభాషిక పదాలు తయారు చేయించారు. ఇంజనీరింగ్ కాలేజీ 1929లో వచ్చింది. ఉర్దూ మీడియం బడిలో చదివిన నాలాంటి వాళ్లకు సాగే గుణం అంటే ‘లచక్’. ఇంగ్లీషు పేరు తర్వాత తెలిసింది. 1948 తర్వాత యూనివర్సిటీలో ఉర్దూ మాధ్యమం పోయింది. కానీ మెకానిక్ షెడ్డులో పోలేదు. అక్కడ మరమ్మత్, పుర్జా, పానా, అసలీ, నఖ్లీ, ఉస్తాద్, షాగిర్ద్ అన్నీ అలాగే ఉండిపోయాయి. క్లాసు గదిలోంచి వెళ్లిపోయిన జుబాన్ ఇనుము దగ్గర నిలిచింది. మన తారీఖ్‌లో ఈ సంగతికి దక్కాల్సిన చోటు దక్కలేదు.

ఇక ఇంతెజార్ సంగతికి వద్దాం. 1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. ఆ జమానాలో తిరిగిన ఆల్బియన్ బస్సులు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో తయారైనవి. ఇక్కడి దారిలో కమాన్ విరిగితే అసలీ పుర్జా సముద్రం దాటి రావాలి. యుద్ధం వచ్చాక ఓడల మీద భరోసా లేకుండా పోయింది. ఆ యుద్ధం రోజుల్లోనే, 1942లో, సర్కారు ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అల్లావుద్దీన్ అండ్ కంపెనీ కలిసి ఆల్విన్ మెటల్ వర్క్స్ పెట్టాయి. బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, తర్వాత గడియారాలు, పుష్పక్ స్కూటర్లు దాని పేరు మీద వచ్చాయి. బయటి నుంచి రావాల్సినవి రాని రోజుల్లో ఇక్కడే చేసుకోవడం జరూరత్ అయింది.

మోటార్ సైకిల్ కథ కూడా ఇదే దారి. రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1940ల చివర్లో బుల్లెట్‌కు వెనక చక్రం దగ్గర స్వింగ్ ఆర్మ్, దాని మీద షాకప్సర్లు పెట్టింది. అంతకుముందు చాలా బళ్లకు వెనక చక్రం ఫ్రేముకే బిగించి ఉండేది. సీటు కింద స్ప్రింగులే దిక్కు. మన దేశంలో 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. తొలి రోజుల్లో ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్ నుంచి కిట్లు వచ్చేవి, ఇక్కడ బిగించేవాళ్లు. 1962 నాటికి అన్ని భాగాలూ ఇక్కడే తయారయ్యే స్థితి వచ్చింది. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1960ల మొదట్లో వచ్చింది, అది పెట్టింది ఇరానీ కుటుంబం. జావా చెకోస్లోవాకియా బండి. తర్వాత దాని పేరు యెజ్డీ అయింది. 1996లో ఆ ఫ్యాక్టరీకి తాళం పడింది.

పర్మిట్ రాజ్ రోజుల్లో పుర్జాకే కాదు, మొత్తం బండికే ఎదురుచూపు. స్కూటర్ బుక్ చేస్తే ఏళ్లు గడిచేవి. కొడుకు పుట్టినప్పుడు బుక్ చేస్తే బడికి వెళ్లే వయసుకు బండి వస్తుందని నవ్వుకునేవాళ్లు. గల్ఫ్‌లో మర్ద్ ఉన్న ఇళ్లలో ఇంకో దారి ఉండేది. చుట్టీకి వచ్చే మామూజాన్ సూట్‌కేసులో అత్తరు సీసా, టేప్ రికార్డర్ పక్కన పేపర్లో చుట్టిన ఆయిల్ సీలో బేరింగో కనిపించేది. ఖత్‌లో ఆ పుర్జా నంబరు రాసి పంపేవాళ్లు. ఆ ఖత్ వెళ్లాలి, చుట్టీ దొరకాలి, మనిషి రావాలి. అదంతా కలిపితే ఆరు నెలలు.

రాజ్‌దూత్ 350 నడిపినవాళ్లకు ఇది బాగా తెలుసు. యమహా ఆర్డీ350 నమూనాతో ఎస్కార్ట్స్ 1983లో తెచ్చిన బండి అది. అప్పటి మన రోడ్లకు మితిమీరిన వేగం. 1990 నాటికి తయారీ ఆగిపోయింది. ఆ తర్వాత బండి మిగిలింది, పుర్జాలు కరువయ్యాయి. అప్పుడు ఒకే ఠికానా ఉండేది. గౌలిగూడ, పుత్లీబౌలీ, జాంబాగ్ గల్లీలు, అక్కడా లేకపోతే రాణీగంజ్. నాలుగు దుకాణాలు తిరిగితే దొరికేది, లేదా ‘వచ్చే జుమ్మాకు రా’ అనే మాట దొరికేది.

సినిమా వాళ్లు కొండెక్కింది కూడా ఈ కాలంలోనే. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ అంటే ఒకప్పుడు రాళ్లూ గుట్టలే. బంజారాహిల్స్‌లో తొలి రోజుల్లోనే ఇల్లు కట్టుకుని నలుగురికీ దారి చూపినవారు నవాబ్ మెహదీ నవాజ్ జంగ్. మద్రాసు నుంచి పరిశ్రమ కదులుతున్న సమయంలో అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియోస్ 1976 జనవరిలో మొదలైంది. ఇఫ్తెతాహ్ చేసింది అప్పటి సదర్ ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సాహెబ్. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి, ఫిల్మ్ నగర్ అనే పేరు నిలిచింది.

సినిమాకూ షాకప్సర్‌కూ ఉన్న రిష్తా హీరో బండి ఎక్కడంతో అయిపోదు. 1973లో ‘బాబీ’ వచ్చాక రాజ్‌దూత్ జీటీఎస్ బండికి జనం బాబీ అనే పేరే పెట్టేశారు. కానీ ఫైట్ మాస్టర్ చూసేది ఇంకోటి. బండి గాల్లోకి లేచి కింద పడితే మామూలు ఫోర్కు పూర్తిగా కుంగి అడుగుకు కొట్టుకుంటుంది. ఆ దెబ్బ నేరుగా నడిపేవాడి మణికట్టుకూ నడుముకూ తగులుతుంది. గట్టి స్ప్రింగు, చిక్కటి నూనె కావాలి. కెమెరా సంగతీ అంతే. 1970ల మధ్యలో గారెట్ బ్రౌన్ తయారు చేసిన స్టెడీకామ్‌లో, కెమెరామన్ ఒంటికి తొడుక్కునే వెస్టుకు బిగించే ఆ చేయి స్ప్రింగుల మీదే పనిచేస్తుంది. కెమెరా బరువును బట్టి దాన్ని సర్దుతారు. మనిషి పరుగెత్తినా తెర మీద బొమ్మ అదరదు. తెర మీద హీరో బండి దూకిందంటే, ఆ వెనక ఎవరో ఒక కారిగర్ స్ప్రింగును బరువుకు సరిపెట్టాడన్న మాట. టైటిల్స్‌లో ఆ కారిగర్ పేరు వెతికితే దొరకడం కష్టం.

మరి పుర్జా రానప్పుడు ఉస్తాద్ ఏం చేసేవాడు? బండిని ఆపి కూర్చోలేదు. అరిగిన బుష్‌ను లేత్ మిషన్ మీద ఇత్తడితో తిప్పించేవాడు. గీతలు పడ్డ ఫోర్కు పైపుకు మళ్లీ క్రోమ్ పూత వేయించేవాడు. కుంగిన స్ప్రింగు కింద వాషర్లు పెట్టి ఎత్తు సరిచేసేవాడు. నూనె చిక్కదనం మార్చి ఊపు తగ్గించేవాడు. బండి యజమానిని సీటు మీద కూర్చోమని, వెనక నుంచి రెండుసార్లు నొక్కి, చేతితోనే అందాజా వేసేవాడు. ఈ రోజు ఫారంలో అడిగే ప్రశ్నలు అవే. ఉస్తాద్ వాటిని నోటితో అడగకుండా చేత్తో అడిగేవాడు.

దీన్ని ‘జుగాడ్’ అని కొట్టిపారేయడం ఫ్యాషన్ అయింది. నాకు ఆ మాట నచ్చదు. జుగాడ్ అంటే ఏదో గడిపేయడం. ఇది గడిపేయడం కాదు, హునర్. అయితే ముబాలగా కూడా వద్దు. వాషర్లు పెడితే స్ప్రింగు గట్టిపడదు, ఎత్తు మాత్రమే మారుతుంది. లోపలి వాల్వును చేతి అందాజాతో సరిచేయడం దాదాపు అసాధ్యం. విదేశం నుంచి వచ్చే కస్టమ్ షాకప్సర్ నిజంగానే మెరుగైనది. ఉస్తాద్ దాన్ని ఓసారి చేతిలోకి తీసుకుంటే ఆ సంగతి అందరికంటే ముందు ఆయనే చెబుతాడు. ఆయనకు తెలివి తక్కువ కాలేదు. ఆ పుర్జాను విప్పి చూసే అవకాశం తక్కువైంది.

కొత్త జమానా ఇంతెజార్‌కు కూడా ఒక తమాషా పుట్టుక ఉంది. 2007లో అమెరికా మన మామిడిపళ్ల మీద ఉన్న నిషేధం ఎత్తేసింది, మనం హార్లే డేవిడ్‌సన్ బళ్లకు దారి ఇచ్చాం. 2010లో దేశంలో ఆ కంపెనీ తొలి షోరూమ్‌లలో ఒకటి తెరిచింది మన బంజారాహిల్స్ వైపే. 2020 సెప్టెంబరులో కంపెనీ దేశంలో తన కార్యకలాపాలు మూసేస్తున్నట్టు ప్రకటించింది. హీరో మోటోకార్ప్‌తో ఒప్పందం కుదిరేదాకా, ఖరీదైన బండి ఉన్న మనిషీ పాత యెజ్డీ ఉన్న మనిషీ ఒకే సవాల్ అడిగారు: ఇక పుర్జాలు ఎక్కడ? 2021 మార్చిలో ఎవర్ గివెన్ ఓడ సూయజ్ కాలువలో ఆరు రోజులు అడ్డంగా ఇరుక్కుంటే దాని వెనక వందల ఓడలు ఆగిపోయాయి. ఎంత డబ్బున్నా పుర్జా దగ్గర అందరూ క్యూలోనే.

ఇక్కడే అసలు తేడా కనిపిస్తుంది. పాత ఇంతెజార్‌లో బండి ఉస్తాద్ దగ్గర ఉండేది. ఆ రోజుల్లో షాగిర్ద్ దాన్ని పూర్తిగా విప్పి, కడిగి, నేర్చుకునేవాడు. ఖాళీ సమయం తాలీమ్‌గా మారేది. కొత్త ఇంతెజార్‌లో డబ్బా సీలుతో వస్తుంది, తెరిస్తే వారంటీ పోతుంది. పాతది తీసి కొత్తది బిగించడమే పని. షాగిర్ద్‌కు నేర్చుకునేది ఏమీ మిగలదు.

ఇది మనకెందుకు? సచార్ కమిటీ 2006 నివేదిక చూడండి. జీతం ఉద్యోగాల్లో తక్కువగా, సొంత పనిలో ఎక్కువగా ఉన్న ముసల్మానులు ఎక్కువగా బతికే పనుల్లో వాహనాల మరమ్మత్ కూడా ఒకటని అందులో ఉంది. అంటే ఈ షెడ్డులు మూతపడితే ఆగిపోయేది మన ఇళ్లలో చూల్హా. కేంద్ర ప్రభుత్వం 2022లో మరమ్మత్ హక్కు మీద కమిటీ వేసింది, అది తీసుకున్న రంగాల్లో వాహనాలూ ఉన్నాయి. పుర్జాలు, మాన్యువల్లు బయటి మెకానిక్‌కూ అందాలన్నది దాని మాట. ఇది కాగితం మీదే ఉండిపోకూడదు. ఉస్తాద్ పిల్లలు ఐటీఐకో పాలిటెక్నిక్‌కో వెళ్లి, అబ్బాజాన్ చేతి అందాజాకు కొలతలు కలపగలిగితే, ఈ హునర్‌కు ముందు దారి ఉంటుంది. ఉర్దూలో చెప్పిన లచక్, వర్క్‌షాపులో నొక్కి చూసిన లచక్ రెండూ ఒకటేనని ఆ పిల్లలు తేలిగ్గా పట్టుకుంటారు.

మీ ఖాందాన్‌లో మెకానిక్ ఉస్తాద్ ఎవరైనా ఉంటే, ఈ ఈద్ చుట్టీలో ఆయన పక్కన కూర్చోండి. ఏ సంవత్సరం షెడ్డు పెట్టారు, ఎవరి దగ్గర షాగిర్ద్, ఏ పుర్జా కోసం ఎన్నాళ్లు చూశారు, రానప్పుడు ఏం చేశారు, ఇవి నాలుగూ అడిగి తారీఖులతో సహా రాసి ఉంచండి. ఫోన్‌లో రికార్డు చేసినా చాలు. స్టూడియోల చరిత్ర రాయడానికి చాలామంది ఉన్నారు. వాటి గేటు బయట బండ్లు బాగుచేసినవాళ్ల చరిత్ర మనం రాసుకోకపోతే ఇంకెవరూ రాయరు.