చవక కంప్యూటర్: ఏం కోశారు, ఏం మిగిల్చారు

కౌన్సెలింగ్ అయిపోయి ఇంజనీరింగ్ సీటు ఖాయమైన ఇంట్లో తర్వాత వచ్చే ప్రశ్న ఒకటే. ప్రోగ్రామింగ్, నెట్‌వర్కింగ్ నేర్చుకోవడానికి తక్కువలో మంచి లాప్‌టాప్ ఏది? సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే చుట్టం ఎవరుంటే వాళ్లని అడుగుతారు. వాళ్లొక మోడల్ పేరు చెబుతారు. ఆ జవాబు ఆర్నెల్లకే పాతబడుతుంది. ప్రశ్న మాత్రం నలభై ఏళ్లకు పైగా అలాగే ఉంది. నేర్చుకునేవాళ్ల కోసం చవకగా కంప్యూటర్ చేద్దామని ఎవరు పూనుకున్నా, ధర తగ్గించడానికి ఏదో ఒకటి కోసెయ్యక తప్పలేదు. ఆ కోత ఎక్కడ పడిందన్నదే నా దృష్టిలో ఈ చరిత్రంతా.

1981 డిసెంబరులో బ్రిటన్‌లో బీబీసీ మైక్రో వచ్చింది. జనానికి కంప్యూటర్ నేర్పాలని బీబీసీ పెట్టుకున్న కార్యక్రమం కోసం కేంబ్రిడ్జిలోని ఏకార్న్ కంపెనీ తయారుచేసింది. మోడల్ బి మొదటి ధర 335 పౌండ్లు. అదే ఏడాది సింక్లెయిర్ వాళ్ల జెడ్‌ఎక్స్81 70 పౌండ్ల లోపే దొరికేది కాబట్టి దీన్ని మరీ చవకది అనలేం. కోసినవి తెర, డిస్కు. తెరకి ఇంట్లో టీవీ, డిస్కుకి బదులు క్యాసెట్ టేప్‌రికార్డర్. స్విచ్ వేస్తే ఒక కూత కూసి, బేసిక్ భాషలో ఏదైనా రాయమన్నట్టు కర్సర్ ఆడిస్తూ నిలబడేది. ప్రోగ్రామ్ రాయకపోతే దానితో చేసేదేమీ లేదు. పైగా ఎకోనెట్ అనే నెట్‌వర్క్ తగిలించుకునే వీలుంది. తరగతి గదిలో యంత్రాలన్నిటినీ వైర్లతో కలిపి ఒకే డిస్కుని అందరూ వాడుకోవచ్చు. ఆ పిల్లలకి ప్రోగ్రామింగూ నెట్‌వర్కింగూ ఒకే పెట్టెలో వచ్చాయన్నమాట. మన దేశంలో 1984-85లో మొదలైన ‘క్లాస్’ పథకం కింద సుమారు 250 బడులకు చేరినవి ఇవే. బడికి ఒకటో రెండో వచ్చిన యంత్రాన్ని పిల్లలందరూ పంచుకోవాలి, అది వేరే కథ.

ఇరవై ఏళ్లు ముందుకొస్తే వంద డాలర్ల లాప్‌టాప్. ఎమ్.ఐ.టి.కి చెందిన నికొలస్ నెగ్రొపాంటె 2005 జనవరిలో దావోస్‌లో ప్రకటించాడు. రెండేళ్ల పైచిలుకు తర్వాత తయారై వచ్చిన ఎక్స్‌ఓ-1ని ఇప్పుడు తిరగేసి చూసినా ముచ్చటేస్తుంది. 433 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 1 జీబీ ఫ్లాష్. ఎండలో కూడా చదవగలిగే తెర. రౌటర్ లేకపోయినా చుట్టుపక్కల యంత్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని వల అల్లుకునే ఏర్పాటు. పైన కనిపించే షుగర్ అనే వాతావరణం చాలావరకు పైథాన్‌లో రాసినది. అన్నిటికన్నా నాకు నచ్చేది కీబోర్డు మీద ఒక మీట. నువ్వు వాడుతున్న ప్రోగ్రామ్ వెనకున్న కోడ్ చూపించడానికని పెట్టారు. ‘ఇది ఎలా పనిచేస్తోంది?’ అన్న ప్రశ్నకి విడిగా ఒక మీట ఉండాలని అనుకున్నవాళ్లు అంతకు ముందూ తర్వాతా ఎంతమంది?

అయితే ధర వందకి దిగలేదు, 188 డాలర్ల దగ్గర ఆగింది. అసలు కోత ధరలో కూడా కాదు, అంగడిలో పడింది. అది దుకాణంలో దొరికేది కాదు. ప్రభుత్వాలు లక్షల లెక్కన కొని పిల్లలకి పంచాలి. మన మానవ వనరుల శాఖ 2006లోనే వద్దంది. దాంతో మన ఊళ్లలో డబ్బు కూడబెట్టుకున్న కుర్రాడికి కూడా కొనుక్కునే దారి లేకుండా పోయింది.

ఆ దారి అసుస్ తెరిచింది. 2007 అక్టోబరులో ఈ పీసీ 701 వచ్చింది. 7 అంగుళాల తెర, 512 ఎంబీ ర్యామ్, 4 జీబీ నిల్వ, లోపల లినక్స్. ఇది దుకాణంలోనే దొరికేది. అందరూ ఎగబడ్డారు, మిగతా కంపెనీలు వెంటపడ్డాయి, నెట్‌బుక్ అన్న పేరు స్థిరపడింది. విస్టాని మొయ్యలేని ఈ బుల్లి యంత్రాలు లినక్స్‌కి పోతాయేమోనని మైక్రోసాఫ్ట్, అమ్మకం ఆపేద్దామనుకున్న ఎక్స్‌పీకే వీటి కోసం గడువు పెంచింది. ఆ తర్వాత విండోస్ 7 స్టార్టర్ అని ఒకటిచ్చింది. అందులో డెస్క్‌టాప్ మీద బొమ్మ మార్చుకోవడానికి కూడా వీల్లేదు. గోడకి మేకు కొట్టనివ్వని అద్దె ఇల్లులాంటిది.

బొమ్మ సంగతి సరే, దెబ్బ ఇంకోచోట తగిలింది. అప్పటిదాకా నెట్‌వర్కింగ్ నేర్చుకోవాలంటే రౌటర్లు చేత్తో ముట్టుకోవాల్సిందే. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో ర్యాక్ చుట్టూ బ్యాచ్ మొత్తం మూగేది. మన వంతు వచ్చేసరికి టైమ్ అయిపోయేది. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే ఆ ర్యాక్ కంప్యూటర్ లోపలికి వచ్చేసింది. సిస్కో రౌటర్లను అనుకరించే డైనమిప్స్, దానిమీద బొమ్మల్లాగా వైర్లు గీసుకునే జీఎన్‌ఎస్3 వచ్చాయి. 2007 జనవరిలో వర్చువల్‌బాక్స్ ఉచితంగా, సోర్స్‌తో సహా బయటికొచ్చింది. ఒకే యంత్రంలో సర్వర్, క్లయింటు, ఫైర్‌వాల్ పెట్టుకుని వాటిమధ్య ప్యాకెట్లు ఎలా పోతున్నాయో చూసుకోవచ్చు. ఏదైనా చెడితే ఒక బటన్‌తో మళ్లీ మొదటికి. దీనికి కావలసినవి రెండు: పుష్కలంగా ర్యామ్, ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్‌కి సాయపడే సదుపాయం. ఇంటెల్ దాన్ని 2005లోనే తెచ్చింది. కానీ నెట్‌బుక్‌లన్నిటా కనిపించిన ఆటమ్ ఎన్270లో అది లేదు, ర్యామ్ చూస్తే 1 జీబీ. నేర్చుకునేవాడి చేతికి ప్రయోగశాల అందబోయే సమయంలో, వాడు కొనగలిగిన యంత్రంలో ఆ ప్రయోగశాలకే చోటు లేకుండా కోశారు.

2011 అక్టోబరు 5న కపిల్ సిబల్ ఆవిష్కరించిన ఆకాశ్ టాబ్లెట్ గురించి ఎక్కువ రాయక్కర్లేదు. మొదటి విడత హైదరాబాదులోనే అమర్చారు. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితే తప్ప స్పందించని తెర. కీబోర్డే లేనిదాన్ని విద్యార్థి కంప్యూటర్ అన్నారు. పాఠాలు చూడటానికైతే సరే, ప్రోగ్రామ్ రాయడానికి ఎలా? అయిదు నెలల తర్వాత, 2012 ఫిబ్రవరి 29న రాస్ప్‌బెరీ పై వచ్చింది. 35 డాలర్లు, దానిదీ 256 ఎంబీయే. బీబీసీ మైక్రోని తలుచుకుంటూ దీనికీ మోడల్ ఎ, మోడల్ బి అని పేర్లు పెట్టారు. ఏకార్న్ ఇంజనీర్లు 1985లో రూపొందించిన ఏఆర్‌ఎమ్ వంశపు ప్రాసెసరే ఇందులోనూ ఉంది. ఇక్కడ మళ్లీ తెర, కీబోర్డు కోశారు, లోపలికి దారి వదిలారు. హాస్టల్ గదిలో ఉండే కుర్రాడికి తెర ఎక్కణ్ణుంచి వస్తుందన్నది మాత్రం తేలలేదు.

మన దగ్గర చివరికి గెలిచిన చవక లాప్‌టాప్‌ని ఎవరూ చవక లాప్‌టాప్‌గా తయారుచెయ్యలేదు. పెద్ద కంపెనీలు ఉద్యోగులకిచ్చే థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు, ఎలైట్‌బుక్‌లు మూడు నాలుగేళ్లకి మూటలు మూటలుగా బయటికొస్తాయి. సికింద్రాబాదు పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోళ్లలో సీటీసీ, అలాంటి వాటికి సంత. 2011 నాటి థింక్‌ప్యాడ్ టీ420 తీసుకోండి. వెనక మూత తీస్తే ర్యామ్‌కి చోటు, 16 జీబీ దాకా పట్టే రెండు గళ్లు. బ్యాటరీ ఊడొస్తుంది. వర్చువలైజేషన్ ఉంది. అసలైన ఈథర్‌నెట్ పోర్టుంది, స్విచ్‌కి కేబుల్ గుచ్చితే చాలు. ఏ స్క్రూ ఎక్కడ తియ్యాలో కంపెనీ మాన్యువల్‌లోనే బొమ్మలతో ఉంటుంది. ఇవన్నీ విద్యార్థి మీద దయతో పెట్టినవి కావు. ఆఫీసులో రిపేరు చేసే మనిషి పని తేలికవ్వాలని పెట్టినవి. ఆ మనిషి కోసం తెరిచి ఉంచిన తలుపులోంచే విద్యార్థి దూరాడు.

వీటిలోనూ దొంగతాళాలు ఉండేవి. కంపెనీ ఒప్పుకున్న వైఫై కార్డు తప్ప ఇంకోటి పెడితే బూట్ కానంటుంది. పాత ఆఫీసువాళ్లు బయాస్‌కి పాస్‌వర్డ్ పెట్టి వదిలేస్తే వర్చువలైజేషన్ ఆన్ చేసుకోవడానికి కూడా దిక్కుండదు. అందుకే కొనేముందు దుకాణంలోనే బయాస్ తెరిపించి చూడమంటాను. అరిగిన బ్యాటరీ ఎలాగూ తప్పదు. తిరిగే హార్డ్ డిస్కు ఉంటే తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టించుకోవడానికి కొంత పక్కన పెట్టుకోవాలి.

ఈ తలుపు ఇప్పుడు మెల్లిగా మూసుకుంటోంది. 2008లో మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్ ర్యామ్‌ని బోర్డుకే అతికించింది. పలుచదనం మోజులో ఆఫీసు లాప్‌టాప్‌లూ ఒక్కొక్కటీ అదే బాట పట్టాయి, ఈథర్‌నెట్ పోర్టులు మాయమయ్యాయి. పండగ సేల్‌లో కనిపించే కొత్త చవక లాప్‌టాప్‌లలో 4 జీబీ ర్యామ్ అతికించి వచ్చేవి ఉంటాయి. అలాంటిది ఫీజుకి పోగా మిగిలిన డబ్బుతో కొంటే, రెండో సంవత్సరంలో రెండు వర్చువల్ మెషిన్లు కావాల్సి వచ్చినప్పుడు పెంచుకోవడానికి లోపల గడే ఉండదు.

ఈలోగా పాత సరుకు మీద ఇంకో గీత పడింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది. విండోస్ 11, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. థింక్‌ప్యాడ్ టీ470, టీ480 పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. రెండిట్లోనూ రెండు ర్యామ్ గళ్లు, ఈథర్‌నెట్ ఉన్నాయి. మొదటిది గీతకి అవతల, రెండోది ఇవతల. వర్చువల్ మెషిన్లు ఎక్కువ నడిపేవాళ్లకి టీ480లోని నాలుగు కోర్లు పనికొస్తాయి, టీ470కి రెండే. ప్రోగ్రామింగు వరకైతే టీ470లో లినక్స్ వేసుకుంటే చాలు.