రుద్రమ యను పేరు

ఓరుగల్లు సీమలో రుద్రమ యను పేరు ఎరుగనివారు లేరు. ఆ పేరునకు మూలమేమో విచారింతము.

ఇందు రెండు మాటలు గలవు. రుద్రశబ్దమును పెద్దలు రోదనార్థకమగు ధాతువునుండి సాధించిరి. అమ్మ యనునది మన యింటి మాట. సంస్కృతమున రుద్రుని భార్య రుద్రాణి, భవుని భార్య భవాని. పాణిని చెప్పిన యీ రూపములు భార్యాత్వమును దెలుపును. తెలుగువారు రుద్రుని పేరునే గైకొని, దానికి అమ్మను జేర్చి ఆడుబిడ్డ కిడిరి. కావున రుద్రమ రుద్రుని భార్య గాదు, రుద్రుని పేరిటిది. పండితు లామెనే రుద్రాంబ యనిరి.

కాకతీయుల యింట నీ యాచారము స్పష్టము. గణపతిదేవుని యొక కూతురు గణపాంబ. తండ్రి పేరే యామె పేరు. ఆమెను కోట బేతరాజున కిచ్చిరి. మరియొక కూతురు రుద్రమ. 1163లో హనుమకొండయందు వేయిస్తంభముల గుడి కట్టించిన రుద్రదేవుడు గణపతిదేవునికి పెదతండ్రి. ఆ పేరే యీ బిడ్డయందు మరల వెలసినది. ప్రాచీన రోములోను జూలియస్ వంశపు ఆడుపడుచు లందరును జూలియాలే. ఒకే యింట ముగ్గురుండిన నెట్లు పిలిచిరోగదా!

గణపతిదేవునికి పుత్రసంతానము లేదు. 1262 ప్రాంతమున రాజ్యము రుద్రమకు సంక్రమించెను. అంతట శాసనములలో రుద్రదేవ మహారాజను పేరు కనబడుచున్నది. స్త్రీ యేలుబడిని సామంతు లంగీకరింపరని యిట్లు చేసిరని చరిత్రకారుల యూహ. అది నిజమే కావచ్చును. కాని యిందులకు క్రొత్త పేరు వెదకవలసిన పని లేకపోయెను. అమ్మ తొలగినంతనే లోపలి పురుషనామము బయటపడెను. మైలమ, ముప్పమ యను పేళ్లతో నీ పని యింత సులువుగా జరిగి యుండదు.

వెనీసు వర్తకుడు మార్కోపోలో మోటుపల్లి సీమను న్యాయముగా నేలిన రాణిని మెచ్చుకొనెను. అయితే యామెను రాజు విధవ యనెను, కూతురని యెరుగడు. పేరు వ్రాయనే లేదు.

ఆ పేరు మన పల్లెలోనే దొరకినది. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శిలాశాసన మున్నది. శివసాయుజ్యము నొందిన కాకతి రుద్రమదేవికిని, సేనాని మల్లికార్జున నాయకునికిని పుణ్యముగా పువ్వుల ముమ్మడి యనువాడు సోమనాథదేవునికి భూమి నిచ్చెనని దానిలో గలదు. రాణి మరణకాలము మనకు దెలిసినది ఆ రాతివలననే. అందామె రుద్రదేవ మహారాజు గాదు, రుద్రమయే.