పదహారో గేటు

2021 ఆగస్టు 5, గురువారం. నాగార్జునసాగర్ నుంచి వరద దిగుతోంది. బెల్లంకొండ మండలంలో, పత్తి, మిరప చేల అంచున కృష్ణా నదిపై ఉన్న పులిచింతల జలాశయం దాదాపు నిండింది. పూర్తి సామర్థ్యం 45.77 టీఎంసీలు. నీళ్లు కిందికి వదలాలి. తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో 16వ నంబరు గేటు ఎత్తుతుండగా పట్టు తప్పింది. అరవై అడుగుల వెడల్పున్న ఉక్కు తలుపు ఊడి వరదలో కొట్టుకుపోయింది.

ఇక అక్కడ నీటికి అడ్డూ ఆపూ లేదు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో నది ఒడ్డు ఊళ్లకు హెచ్చరికలు వెళ్లాయి.

ఖాళీ అయిన చోట స్టాప్‌లాగ్ దించాలి. అంటే, గేటుకు ముందున్న గాడిలోకి క్రేన్‌తో ఒకదాని మీద ఒకటి పేర్చే ఉక్కు పలకలు. నీళ్లు అంత ఉధృతిగా దూసుకుపోతుంటే పలక గాడిలో కూర్చోదు. దాంతో ఇంజినీర్లకు గుండె రాయి చేసుకోక తప్పలేదు: మిగతా గేట్లూ ఎత్తి జలాశయాన్ని ఖాళీ చేయడమే. ఖరీఫ్ ముంగిట దాచుకున్న నీళ్లు ప్రకాశం బ్యారేజీ దాటి సముద్రం పాలయ్యాయి. ఆ వారాంతానికి పలకలు దిగాయి.

ఆనకట్ట ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖది. అవతలి ఒడ్డున 120 మెగావాట్ల విద్యుత్ కేంద్రం తెలంగాణ జెన్‌కోది. పైన సాగర్ గేట్లు అప్పట్లో తెలంగాణ ఇంజినీర్ల చేతిలో ఉండేవి. అందరి మధ్య కృష్ణా నదీ యాజమాన్య బోర్డు. ఆ వేసవి చివర విద్యుదుత్పత్తి మీదే రెండు రాష్ట్రాలూ లేఖాస్త్రాలు సంధించుకున్నాయి. నీళ్ల లెక్క అడగడానికి ఇంతమంది ఉన్నారు. గేటు ఇనుము ఆరోగ్యం అడిగే గొంతు మాత్రం ఆ లేఖల్లో వినపడలేదు. నా దృష్టిలో అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఏడాది తిరిగేసరికి, 2022 ఆగస్టు 31న, ప్రకాశం జిల్లా గుండ్లకమ్మలో మూడో గేటు పోయింది. ఇక్కడ రెండు రాష్ట్రాల పేచీ కూడా లేదు. 2023 డిసెంబరులో అదే జలాశయంలో రెండో గేటూ ఊడింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్రలో 19వ గేటు. అక్కడ మాత్రం గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు మార్గదర్శకత్వంలో నీళ్లు పారుతుండగానే పలకలు దించి, మిగిలిన నీటిని కాపాడారు.

పులిచింతల తర్వాత నాలుగు నెలలకే ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది. వర్షాలకు ముందూ తర్వాతా తనిఖీలు, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తప్పనిసరి చేసింది. రైతు సోదరులారా, వర్షాలకు ముందు మీ జలాశయం గేట్లను ఎవరు చూశారో, నివేదిక మీద ఎవరి సంతకం ఉందో నీటి సంఘం ద్వారా రాతపూర్వకంగా అడగండి.